గడప దగ్గర నిలబడి చూసిన టీవీ

మొన్నటి దసరాకు పది రోజుల ముందు మా టీవీ పాడైంది. 2012లో కొన్నది. మొదట తెర మీద కుడివైపు ఒక నిలువు గీత పడింది. వారం తిరిగేసరికి దాని పక్కన ఇంకో నాలుగు చేరాయి. చూడడానికి వచ్చిన మెకానిక్ "ప్యానెల్ పోయిందక్కా, మార్చే పైసలకు కొత్తదే వస్తది" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర లెక్కలు మొదలయ్యాయి. ముప్పై ఐదు వేలు దాటకూడదని మా ఆయన మాట. ఆ డబ్బుతో ఒకే పెద్ద టీవీ కొనాలా, రెండు కొనాలా? పిల్లలకు క్రికెట్, యూట్యూబ్ కావాలి. అత్తమ్మకు సీరియళ్లు, భక్తి ఛానెల్ కావాలి. సాయంత్రం 7 దాటితే మా ఇంట్లో రిమోట్ కోసం రోజూ పంచాయితీయే. "హాల్లోకి 43 అంగుళాలది, నానమ్మ గదిలోకి 32 అంగుళాలది" అని మా అబ్బాయి తేల్చేశాడు. అందరికీ బాగానే ఉందనిపించింది. అత్తమ్మ మాత్రం చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అంది, "అంటే నన్ను లోపటికి పంపుతున్నరా బిడ్డా?"

ఎవరమూ జవాబు చెప్పలేదు.

ఆ మాట నన్ను రెండు మూడు రోజులు వదల్లేదు. అసలు టీవీ మన ఇళ్లలోకి ఎట్లా వచ్చింది, దాన్ని మనం ఎక్కడ కూర్చుని చూశాం అని వెనక్కి ఆలోచిస్తూ పోయాను. రెండు టీవీలు పోల్చి ఎట్లా కొన్నామో కూడా చెబుతాను. కానీ ముందు ఈ కథ చెప్పకపోతే ఆ పోలిక సగమే అవుతుంది.

ఊరికొక్క టీవీ

మన దేశంలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలయ్యాయి. మన పల్లెల దాకా రావడానికి పదహారేళ్లు పట్టింది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు మన దేశానికి వాడుకోవడానికి ఇచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఆ ఉపగ్రహం నుంచి నేరుగా కార్యక్రమాలు వచ్చాయి. 'సైట్' అని పిలిచిన ఆ ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. ఊరంతటికీ ఒక్కటే టీవీ. దాని యాంటెనా పది అడుగుల గొడుగు, కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీతో చేసింది!

ఆ టీవీలను తయారు చేసింది మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 1967లో మొదలైన ఈ ప్రభుత్వ సంస్థకు పునాది వేసినవారు ఏ.ఎస్.రావు. హైదరాబాద్‌లో ఏఎస్‌రావు నగర్ ఆయన పేరు మీద ఉన్నదే. అణుశక్తి శాఖ కింద నడిచే ఆ సంస్థ ఇళ్లకు కూడా టీవీలు తయారు చేసింది. 'ఈసీ టీవీ' అంటే మా అమ్మానాన్నల తరానికి ఇప్పటికీ గుర్తే. తక్కువలో మంచి టీవీ కావాలన్న వెతుకులాట మనతో మొదలైంది కాదు.

1977లో హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం వచ్చింది. వరంగల్ అక్కడికి దాదాపు 145 కిలోమీటర్లు. అంత దూరం టవర్ సిగ్నల్ సరిగ్గా అందదు. 1984లో దేశమంతటా రోజుకొకటి చొప్పున చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. ఆ 80లలోనే మా ఊళ్లో కూడా డాబాల మీద యాంటెనాలు మొలిచాయి. అప్పటిదాకా టీవీ ఉన్నవాళ్లు పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. 1985లో ఆ లైసెన్సు ఎత్తేశారు. ఈ సంగతి చెబితే మా అమ్మాయి నమ్మలేదు. "టీవీకి లైసెన్సా, బండికా?" అని నవ్వింది.

తెలుగులో వార్తలు 1983 నవంబర్ 14న మొదలయ్యాయి. మొదట చదివింది శాంతి స్వరూప్ గారు. ఎదురుగా అక్షరాలు కనిపించే టెలిప్రాంప్టర్ లేని రోజులు. వార్తలు కంఠస్థం చేసి, మన కళ్లలోకి చూస్తూ చదివేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని తెలిసినప్పుడు అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. "రోజూ మనింటికి వచ్చి చెప్పిపోయినట్టు ఉండేది" అంది.

మా వాడకట్టు కిటికీ

నాకు టీవీ అంటే మొదట గుర్తొచ్చేది హన్మకొండలో మా వాడకట్టు. 1987 జనవరి 25న 'రామాయణం' మొదలైంది. ఆదివారం పొద్దున మా వీధిలో ఒకే ఇంట్లో టీవీ. పిల్లలం నేల మీద ముందు వరసలో కూర్చునేవాళ్లం. వెనక కుర్చీల్లో మగవాళ్లు. హిందీ ఎవరికీ పూర్తిగా రాదు. కథ అందరికీ తెలుసు కాబట్టి భాష అడ్డు రాలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు బయట కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాళ్లు.

మా అమ్మ ఎక్కడుండేది? ద్వారబంధం దగ్గర. నిలబడి. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చేది. మధ్యలో ఒకసారి ఇంటికి పరుగెత్తి కలిపి వచ్చేది. మళ్లీ వచ్చి పక్కనున్నావిడను "ఏమైంది, ఏమైంది?" అని అడిగేది. ఆ ద్వారబంధం దగ్గర అమ్మ ఒక్కతే కాదు, మా వాడకట్టు ఆడవాళ్లంతా అక్కడే. 'రామాయణం' అయిపోయింది, 1988 అక్టోబర్ 2న 'మహాభారతం' మొదలైంది. అది 1990 జూన్ దాకా నడిచింది. అన్నేళ్లూ మా అమ్మ కూర్చుని చూసినట్టు నాకు గుర్తు లేదు.

అత్తమ్మ కథ కూడా ఇంతే. మా మామయ్య ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది. వరంగల్‌లో ఎన్ని ఇళ్లలో పొయ్యి దాని సైరన్ మీద వెలిగిందో లెక్క లేదు. 1990లో మామయ్య 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ వాయిదాల మీద కొన్నారట. షిఫ్టు నుంచి వచ్చి వార్తల టైముకు టీవీ ముందు అన్నం తినేవారు. అత్తమ్మ వంటింటి గడప దగ్గర గిన్నె పట్టుకుని నిలబడేది. వార్తలు వినాలి, ఆయన కంచంలో అన్నం అయిపోతే వెయ్యాలి. నేను 2003లో కోడలిగా వచ్చేసరికి మిల్లు మూతపడింది, ఇంట్లో కలర్ టీవీ వచ్చింది. అత్తమ్మ మాత్రం అదే గడప దగ్గర ఉంది. కొన్నాళ్లకు ఆమె పక్కన నేను.

రిమోట్ వచ్చాక

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఎనిమిదో పన్నెండో ఛానెల్ మీటలున్న పాత టీవీలకు కేబుల్ సరిపోలేదు. జనం టీవీలు మార్చారు. మీట నొక్కడానికి ఎవరో లేచి వెళ్లే రోజులు పోయి చేతిలోకి రిమోట్ వచ్చింది. దాంతోపాటే రిమోట్ ఎవరిదన్న ప్రశ్న కూడా వచ్చింది.

సీరియళ్లు చూస్తామని ఆడవాళ్లను ఎంత వెక్కిరిస్తారో మీకు తెలుసు. ఒకే మొహం మూడుసార్లు చూపిస్తారని, ఒకే మాట తిప్పి తిప్పి చెబుతారని, ఆ చప్పుడేంటని. నాకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత ఒకటి అనిపిస్తుంది. అవి కూర్చుని చూసేవాళ్ల కోసం తీసినవి కావు. కూర మాడకుండా కలుపుతూ వినేవాళ్లకు అవసరం అవే. చప్పుడు వినగానే ఇప్పుడేదో జరిగిందని తెలుస్తుంది. తల తిప్పేలోపు మొదటి మొహం పోయినా రెండోది, మూడోది దొరుకుతుంది. సీరియల్ మన గడప తెలిసి వచ్చినట్టు ఉంటుంది.

2020 సంగతి ఒకటి చెప్పాలి. కరోనాలో బడులు మూసేశారు. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మా ఇంట్లో పనికి వచ్చే ఆమె కూతురు ఆరో తరగతి. వాళ్లింట్లో టీవీ లేదు. "మీ టీవీల చూస్తదా అక్కా?" అని ఆమె భయపడుతూ అడిగింది. నేను ఒక్క క్షణం తటపటాయించాను, అబద్ధం చెప్పను. రోగం భయం. అత్తమ్మ వెంటనే "రమ్మను. వాకిట్ల కూసుంటది, తలుపు తీసి పెడుదాం" అంది. టీవీని వాకిలి వైపు తిప్పాం. తన పొద్దుటి భక్తి కార్యక్రమం వదులుకుని అత్తమ్మ ఆ పిల్లతో పాటు లెక్కల పాఠాలు విన్నది. సైట్ ప్రయోగంలో పొద్దుటిపూట పల్లె పిల్లలకు చెప్పిన పాఠాలకు, మా వాకిట్లో ఈ పాఠాలకు నలభై ఐదేళ్ల దూరం. ఒక టీవీ చుట్టూ ఇంటివాళ్లు కానివాళ్లు కూడా చేరడం మా ఇంట్లో అదే చివరిసారి.

ఇక రెండు టీవీల లెక్క

ఇప్పుడు కొనే సంగతికి వస్తాను. ముందు ధర. 2019 జనవరి నుంచి 32 అంగుళాల వరకు టీవీలకు జీఎస్టీ 18 శాతం, అంతకంటే పెద్దవాటికి 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్దవి కూడా 18 శాతంలోకి వచ్చాయి. మా టీవీ సరిగ్గా ఆ రోజుల్లోనే పాడవడం మా అదృష్టం. మాకు చెప్పిన ధర 32 అంగుళాలది పదకొండున్నర వేలు, 43 అంగుళాలది ఇరవై ఒక్క వేలు. రెండోదాని పేరు పక్కన 'ఫోర్‌కే' అని ఉంది. మూలకు మూల కొలిస్తే తేడా 11 అంగుళాలే అనిపిస్తుంది కానీ, తెర వైశాల్యం చూస్తే పెద్దది దాదాపు 1.8 రెట్లు.

షాపులో అబ్బాయి "ఆంటీ, బడ్జెట్ ఉంటే రెండూ 43వే తీసుకోండి" అన్నాడు. పెద్దది ఎప్పుడూ మంచిదే అనుకుంటాం కదా. కాదు. అత్తమ్మ చూసేది మామూలు కేబుల్ ఛానెళ్లు. ఆ బొమ్మలో పై నుంచి కిందికి 576 గీతలు ఉంటాయి. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ తెరలో 768 గీతలు. బొమ్మను కొంచెమే సాగదీస్తుంది. ఫోర్‌కే తెరలో 2,160. అంటే దాదాపు నాలుగు రెట్లు సాగదీయాలి. ఒక గరిటె పిండిని ఎంత పెద్ద పెనం మీద పరిస్తే దోసె అంత పలచనవుతుంది, చివరికి చిల్లులు పడుతుంది. ఇదీ అంతే. షాపులో ఆ టీవీ మీద సముద్రం, పూలు మెరిసిపోయాయి, ఎందుకంటే అవి ఆ తెర కోసమే తీసిన వీడియోలు. "ఇందులో మామూలు కేబుల్ పెట్టి చూపించు బాబూ" అని అడిగాను. పెట్టాడు. యాంకరమ్మ మొహం మసకబారింది. పక్కనే ఉన్న 32లో ఆమె చెవి కమ్మలు కూడా కనిపించాయి. మీరు కూడా అడగండి, మొహమాటపడకండి.

పిల్లలకు ఇది తలకిందులు. వాళ్లు చూసేది నెట్‌లో, అది మంచి నాణ్యతతోనే వస్తుంది. క్రికెట్ బంతి కనబడాలంటే పెద్ద తెర ఉండాలి. వాళ్లకు చూడాల్సింది ర్యామ్. తక్కువ ధర స్మార్ట్ టీవీల్లో ఒక జీబీ ఉన్నవి చాలా ఉన్నాయి. కొన్నప్పుడు బాగానే నడుస్తాయి, యాప్‌లు పెరిగేకొద్దీ నత్తలవుతాయి. రెండు జీబీ ఉన్నదే తీసుకున్నాం.

మూడోది చప్పుడు. వెనకటి డబ్బా టీవీలకు స్పీకర్లు మన వైపు ఉండేవి. ఈ పలచటి టీవీల్లో చాలావాటికి అడుగునో వెనకో ఉంటాయి. సంగీతం మోగుతుంది, మాట అర్థం కాదు. అత్తమ్మకు ఎడమ చెవి కాస్త మందం. అందుకని షాపులో కళ్లు మూసుకుని వార్తలు విన్నాను. మాట స్పష్టంగా వినిపించిన 32 ఇంకొకదాని కంటే ఎనిమిది వందలు ఎక్కువ. అదే తీసుకున్నాం.

నాలుగోది రిమోట్. స్మార్ట్ టీవీ పెట్టగానే యాభై బొమ్మలు పరుచుకుంటాయి. డెబ్బై రెండేళ్ల మనిషి అందులో తప్పిపోతుంది. ఆన్ చేయగానే నేరుగా కేబుల్ బాక్సే వచ్చేట్టు సెట్టింగ్ ఉందా అని అడిగి, అక్కడే పెట్టించుకోవాలి. రెండో టీవీకి రెండో బాక్సు, దాని నెల ఖర్చు వేరే. 2019 ఫిబ్రవరి నుంచి ఛానెల్‌కు ఇంత అని కడుతున్నాం కాబట్టి అత్తమ్మ బాక్సులో ఆమె చూసే తెలుగు ఛానెళ్లు మాత్రమే ఉంచి మిగతావి తీసేయించాను.

అయిదోది దూరం. ఇక్కడే నాకు అసలు విషయం తట్టింది. "సోఫాకు, టీవీకి మధ్య ఎన్ని అడుగులు?" అని షాపు అబ్బాయి అడిగాడు. మా ఆయన "తొమ్మిది" అన్నారు. 43కు సరిపోతుందన్నాడు. నేను వంటింటి గడపను తలచుకున్నాను. అక్కడి నుంచి పద్నాలుగు అడుగులు, అదీ పక్క వాలుగా. "పక్క నుంచి చూస్తే ఎట్లా ఉంటుంది?" అని అడిగి నేనే ఓ పక్కకు జరిగి నిలబడ్డాను. రెండు టీవీల్లో రంగులు పాలిపోయాయి. మూడోదాంట్లో నిలిచాయి. తెర తయారీలో రకాలుంటాయట, కొన్ని ఎదురుగా బాగుంటాయి, కొన్ని పక్క నుంచి కూడా బాగుంటాయి. కాగితం మీద రాసిన కొలతలన్నీ ఎదురుగా కూర్చున్న మనిషి కోసమే. పక్కన నిలబడి చూసే మనిషి వాళ్ల లెక్కలో లేదు. మన ఇళ్లలో ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా?

ఎక్కడ పెట్టాం

రెండు టీవీలు ఇంటికి వచ్చాయి. గోడ బిగింపులు, రెండో బాక్సుతో కలిపి ముప్పై ఐదు వేలకు మూడు వందలు తక్కువ. 43 హాల్లో బిగించారు. 32 పట్టుకుని బిగించే అబ్బాయి అత్తమ్మ గది వైపు నడిచాడు. నేను ఆపాను.

మా వంటింటికీ హాలుకూ మధ్య భోజనాల బల్ల వేసుకున్న చిన్న జాగా ఉంది. ఆ గోడకు బిగించమన్నాను. పొయ్యి దగ్గర నుంచి తల తిప్పితే ఎదురుగా ఆరడుగులు. 32కు సరిగ్గా సరిపోయే దూరం. మా ఆయన "అక్కడెందుకు, అమ్మ మంచం మీద పడుకుని చూసుకుంటుంది కదా" అన్నారు. "పడుకుని చూసేంత ముసలితనం ఇంకా రాలేదు అత్తమ్మకు" అన్నాను.

అంతా సాఫీగా ఏమీ లేదు. క్రికెట్ అరుపులు, సీరియల్ ఏడుపులు కలిసి మొదటి వారం తలనొప్పి తెచ్చాయి. 7 నుంచి 9 దాకా పిల్లలు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలని ఒప్పందం జరిగింది. వారంలో రెండు రోజులైనా దాన్ని తప్పుతారు. మా ఆయన మాత్రం ఈ మధ్య హాల్లోంచి లేచి వచ్చి బల్ల దగ్గర చాయ్ తాగుతూ అత్తమ్మ సీరియల్‌లో ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి తెలుసుకుంటున్నారు.

మొన్న సాయంత్రం నేను గట్టు దగ్గర నిలబడి ఉల్లిగడ్డలు కోస్తూ టీవీ వైపు చూస్తున్నాను. అత్తమ్మ పక్కనున్న కుర్చీ కాలితో ఇవతలికి జరిపి అంది.

"ఎన్నేండ్లు నిలబడి చూస్తవ్ బిడ్డా? కత్తిపీట ఇటు తెచ్చుకో. అన్నం ఉడికితే నేను చూస్త."